తరుగు

నగరత్‌పేట సందులో నలభై ఒక్క ఏళ్లు
నిప్పుకు నా ఊపిరి కూలికిచ్చాను.
కుంపటి ముందు గొంతుక్కూర్చుని
ఊదుగొట్టం పెదాల మధ్య పెట్టుకుంటే
మంట సన్నగా సాగి
నేను చూపిన చోటే తాకేది.
నలుసంత టంకం కరిగితే చాలు,
రెండు కొసలు ఒకటయ్యేవి.
బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో పీల్చడం
మా నాయన వీపు మీద చరిచి నేర్పాడు.
పొగ ఎటు పోతుందో చెప్పలేదు.
ఆయనకీ తెలీదు.
యాభై రెండుకే దగ్గి దగ్గి పోయాడు.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం
ఆటో దిగి, లిఫ్టు కోసం నిలబడి
ఆసుపత్రి మూడో అంతస్తుకు పోతాను.
ముప్పై మీటర్ల వరండా.
ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలి,
అంతే పరీక్ష.
రోషెల్ డిసోజా అనే పిల్ల
నా వేలికి గీటురాయి తగిలిస్తుంది.
దాని పేరు వేరే. పని అదే:
ఎంత మేలిమో ఎర్ర అంకెల్లో చెప్పేస్తుంది.
తొంభై మూడు.
తొంభై.
ఎనభై ఆరు.

"ఆయాసం ఎంత అజ్జా? సున్నా నుంచి పది లోపల చెప్పండి."
"మూడు" అన్నాను.
ఏడు. ఎనిమిదికి దగ్గర.
ఎవరి బంగారానికీ కారెట్ తప్పు చెప్పని నోరు ఇది.
ఆ పిల్ల నా వేలు చూసింది, మొహం చూసింది,
కాగితం మీద ఏం రాసుకుందో
నేను అడగలేదు.
గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను.
నూట నలభై రెండు మీటర్లు.
మా అంగడి నుంచి టీ బంకు దాకా కూడా రాదు.

అంతకుముందు ఒక యంత్రంలోకి ఊదించి చూశారు:
నూటికి ముప్పై నాలుగు.
మిగిలిందంతా తరుగు.
తరుగు దగ్గర ఎంత పోట్లాడేవాళ్లు ఆడవాళ్లు,
గురివింద గింజెత్తు కూడా వదిలేవాళ్లు కాదు!
మా అంగడి దుమ్ము సైతం
ఊడ్చి మూట కట్టుకుపోయి, కడిగి
బంగారం తీసేవాళ్లుండేవాళ్లు.
ఈ తరుగును
ఏ బొక్కెనలో కడగను?

తర్వాత సైకిలెక్కించారు, ఎక్కడికీ పోని సైకిలు.
ముక్కూ నోరూ కప్పే మాస్కు, పట్టీలు,
గొట్టం చివర చిన్న పెట్టె.
నేను పీల్చబోతే అది ఊదుతుంది.
మొదటి రోజు భయపడి లాగి పారేశాను.
రెండో వారానికి తెలిసింది,
దానికీ పనితనం ఉందని.
నా వంతు కోసం ఆగుతుంది,
నేను మొదలెట్టిన చోటే అందుకుంటుంది.
నేనిప్పుడు కుంపటిని.
నాలుగు నిమిషాలకే చేతులెత్తేసేవాణ్ణి
పదకొండు తొక్కాను.
"ఎందుకు ఆపారు?" అంటే
"కాళ్లు నొప్పి" అన్నాను.
అని, నేనే ఆశ్చర్యపోయాను.
ఎన్నేళ్లయింది కాళ్లు నొప్పెట్టి!
అంత దూరం పోనిచ్చేదా ఊపిరి.
పక్క సైకిలు మీద లియాఖత్ సాబు,
ముప్పై ఏళ్లు లారీలకు రంగు కొట్టినవాడు,
మాస్కులోంచే బొటనవేలెత్తి చూపించాడు.

"ఈ పెట్టె మెట్లెక్కడానికి మీ వెంట రాదు అజ్జా.
ఇది నేర్చుకోండి.
పెదాలు సున్నా చుట్టండి. నిధాన, నిధాన.
దీపం ఊగాలి, ఆరకూడదు."
వదిలాను.
గడియారం చూస్తున్న పిల్ల
నా నోటి వంక తిరిగింది.
"ఎక్కడ నేర్చారు?"
నవ్వితే దగ్గొస్తుందని నవ్వలేదు.

ఇల్లు మేడ మీద. పంతొమ్మిది మెట్లు.
ఆరో మెట్టు మీద ఆగుతాను.
మళ్లీ పదకొండు దగ్గర,
సిద్ధమ్మ వేసిన ప్లాస్టిక్ స్టూలు మీద.
పెదాల మధ్య గొట్టం లేదు, ఎదుట నిప్పు లేదు,
సన్నగా ఊదుతాను.
ఈ మెట్టుకు ఆ మెట్టును
అతుకుతున్నాను.

పైనుంచి ఆమె కేక:
"ఎంత దాకా వచ్చావ్?"
ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్తాను,
"పన్నెండు."
ఈసారి సరైన తూకమే.